అమ్మకందారు చెప్పిన సంవత్సరమూ, పుస్తకం చెప్పే సంవత్సరమూ

ప్రశ్న: నేను తెనాలిలో ఉంటున్న విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలిని. ఆన్‌లైన్‌లో పాత పుస్తకాలు అమ్మే ఒకరు సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ‘1852 నాటి ఒరిజినల్, మొదటి ముద్రణ, 170 ఏళ్ల పురాతన గ్రంథం, అత్యంత అరుదు’ అని ప్రకటించి 40 వేల రూపాయలు అడుగుతున్నారు. ముఖపత్రం, అంటే గ్రంథం పేరూ కర్త పేరూ ఉండే లోపలి పేజీ, ఫోటో పంపమంటే పంపారు. అందులో బ్రౌన్ పేరు కింద ఎం. వెంకటరత్నం, డబ్ల్యు.హెచ్. క్యాంబెల్, కె. వీరేశలింగం అనే పేర్లు కూడా ఉన్నాయి. పేజీ అడుగుభాగం మాత్రం ఫోటోలో పడలేదు. కొనవచ్చునా? మరొక సంగతి. మా తాతగారి పెట్టెలో టీకాతాత్పర్యాలతో ఉన్న ‘గజేంద్రమోక్షము’ ఒకటి దొరికింది. ముఖపత్రం చిరిగిపోయింది. అట్ట లోపల పెన్సిలుతో ‘విక్రమ సం. మాఘ శు. పంచమి’ అని రాసి ఉంది. ఆ దస్తూరి తాతగారిదో, వారి తండ్రిగారిదో మాకు తెలియదు. మొదట్లో ఒక జమీందారుగారి ఫోటో, చివర్లో 0–6–0 వంటి ధరలతో పుస్తకాల పట్టిక ఉన్నాయి. ‘ధర్మము’ అన్న మాట ‘ధమ౯ము’ అని అచ్చయింది. కుట్టు దగ్గర తుప్పుపట్టిన పిన్నులున్నాయి. ఇది ఏ కాలానిది? అమెరికాలో ఉన్న మా అబ్బాయి దీన్ని తనతో తీసుకుపోవచ్చునా?

సమాధానం: అమ్మా, నమస్కారం. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ అమ్మకందారు పంపిన ఫోటోలోనే ఉంది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1848లో పుట్టారు. 1852 నాటికి ఆయనకు నాలుగేళ్లు. ఆయన పేరు పరిష్కర్తగా ముఖపత్రం మీద ఉన్న నిఘంటువు 1852లో అచ్చయినది కావడానికి వీల్లేదు. బ్రౌన్ తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును మద్రాసులో 1852లో వెలువరించిన మాట నిజమే. అయితే మీరు చెప్పిన ముగ్గురూ కలిసి దాన్ని సవరించి, పెంచి సిద్ధం చేసిన కొత్త కూర్పు 1903లో వచ్చింది. మీరు చూసిన ముఖపత్రం ఈ రెండో కూర్పుది. ఇక్కడ పేరు దగ్గర కూడా ఒక జాగ్రత్త అవసరం. 1816లో తెలుగు వ్యాకరణాన్ని ప్రచురించిన ఎ.డి. క్యాంబెల్ వేరు, ఈ డబ్ల్యు.హెచ్. క్యాంబెల్ వేరు. ఒకే ఇంటిపేరు చూసి ఇద్దరినీ ఒకరే అనుకుని, పుస్తకాన్ని ఎనభై తొంభై ఏళ్లు వెనక్కి నెట్టిన ప్రకటనలు నేను చూశాను.

ఆ అమ్మకందారు కావాలని మోసం చేస్తున్నాడని నేను అనను. పాత పుస్తకాల వ్యాపారంలో ఉన్నవారిలో చాలామంది తూకానికి కొన్న కట్టల్లోంచి ఏరి అమ్మేవారే. గ్రంథం పేరు ఇంటర్నెట్‌లో కొట్టి, అక్కడ మొదట కనిపించిన సంవత్సరాన్ని తమ ప్రకటనలో దించేస్తారు. తెలియక చేసినా తెలిసి చేసినా కొన్నవారి నష్టంలో తేడా ఉండదు కాబట్టి, మీరు ఒక్క సంగతిని గట్టిగా పట్టుకోవాలి. ప్రతి పాత పుస్తకానికీ మూడు సంవత్సరాలుంటాయి. గ్రంథకర్త రాసిన, లేదా మొదటిసారి వెలువరించిన సంవత్సరం ఒకటి. ఈ పాఠాన్ని ఈ రూపంలో కూర్చిన సంవత్సరం రెండోది. మీ చేతిలో ఉన్న ఈ ప్రతి యంత్రం మీంచి దిగిన సంవత్సరం మూడోది. అమ్మేవారు మొదటి సంవత్సరం చెప్పి మూడోదానికి డబ్బు తీసుకుంటారు. కన్యాశుల్కం నాటకాన్నే చూడండి. అది మొదట 1897లో అచ్చయింది. గురజాడవారు దాన్ని దాదాపు తిరగరాసి 1909లో రెండో కూర్పుగా వెలువరించారు. మొదటిది ఐదంకాలు, రెండోది ఏడంకాలు. ఈనాడు మనం చదువుకునేది ఈ రెండో కూర్పే. కాబట్టి ఏడంకాల ప్రతిని ఎవరైనా ‘1897 మొదటి ముద్రణ’ అంటే కాగితం రంగు చూడనక్కరలేదు, అంకాలు లెక్కపెడితే చాలు. పీఠిక కింద ఉన్న తేదీ కూడా ఇలాగే తప్పుదారి పట్టిస్తుంది. తొలికూర్పు పీఠికను యాభై ఏళ్ల తరువాతి ముద్రణలో కూడా తేదీతో సహా మళ్లీ వేయడం మన ప్రచురణకర్తల అలవాటు.

చాలా ఏళ్ల కిందట హైదరాబాదు ఆబిడ్స్‌లో, ఆదివారం పేవ్‌మెంటు మీద నేనూ ఇదే విధంగా పొరపడ్డాను. శతకాల సంపుటి ఒకటి, పీఠిక కింద 1910 అని స్పష్టంగా ఉంది, కాగితం బెల్లం రంగుకు తిరిగింది. అమ్మిన మనిషి ‘స్వదేశీ ఉద్యమం నాటిది సార్’ అన్నాడు, అడిగినంతా ఇచ్చాను. ఇంటికి వచ్చి వెనక అట్ట తుడుస్తుంటే మూల మీద అంటించిన చిన్న కాగితం ముక్క తడికి లేచింది. దాని కింద ‘వెల రూ. 1–50 న.పై.’ అని ఉంది. నయాపైసలు మన దేశంలో 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలతో వచ్చాయి. 1964 జూన్ 1 నుంచి ‘నయా’ అన్న మాట తీసేశారు. అంటే ఆ పుస్తకం ఆ ఏడేళ్ల మధ్యదే తప్ప 1910ది కాదు. ఆ రోజు నుంచి ఏ పుస్తకం చేతికి వచ్చినా నేను ముందు వెనక అట్ట చూస్తాను, పీఠిక తరువాతే.

బ్రౌన్ నిఘంటువు విషయంలో ఇంకొక మెట్టు మిగిలి ఉంది. అది 1852ది కాదని తేలింది, మరి 1903ది అవుతుందా? తప్పక అవుతుందని చెప్పలేము. ఈ నిఘంటువును ఢిల్లీలోని ఏషియన్ ఎడ్యుకేషనల్ సర్వీసెస్ వారు పాత ప్రతిని ఫోటో తీసి, ఉన్నది ఉన్నట్టు పునర్ముద్రించారు. అటువంటి పునర్ముద్రణలు సక్రమమైనవి, చదువుకునేవారికి ఎంతో ఉపకారం చేసినవి. చిక్కు ఎక్కడ వస్తుందంటే, వాటిలో పాత ముఖపత్రం కూడా అలాగే అచ్చవుతుంది. కొత్త ప్రచురణకర్త పేరు, సంవత్సరం, ఐఎస్‌బిఎన్ సంఖ్య ఆ పేజీ అడుగునో వెనకనో ఉంటాయి. మీకు పంపిన ఫోటోలో పడనిది సరిగ్గా ఆ భాగమే. ఈమధ్య ఇంటర్నెట్‌లో ఉన్న స్కాన్‌ల నుంచి, ఆర్డరు వచ్చినప్పుడల్లా ఒక్కొక్క ప్రతి అచ్చువేసి, తోలు అట్ట కట్టి అమ్మేవారు కూడా వచ్చారు. వారి ప్రకటనల్లో సంవత్సరం గడిలో పాత సంవత్సరమే ఉంటుంది. ‘పాత ప్రతి సాయంతో పునర్ముద్రితం’ అన్న మాట ఎక్కడో అడుగున, చిన్న అక్షరాల్లో ఉంటుంది.

పుస్తకం చేతికి వస్తే ఫోటో ముద్రణను పోల్చుకోవడం కష్టం కాదు. సీసపు అక్షరాలు కూర్చి అచ్చువేసిన పేజీని దీపానికి ఏటవాలుగా పట్టుకుంటే, అక్షరం కాగితంలోకి నొక్కుకుపోయి కనిపిస్తుంది. పేజీ వెనక వైపు వేలి కొసతో మెల్లగా రాస్తే చిన్న గరుకు తగులుతుంది. ఫోటో తీసి ఆఫ్‌సెట్ పద్ధతిలో అచ్చువేసిన పేజీ రెండు వైపులా నున్నగా ఉంటుంది. ఇంకా నమ్మకమైన పరీక్ష పురుగు తొలిచిన రంధ్రం. ఫోటో తీసిన పాత ప్రతికి రంధ్రం ఉంటే అది కొత్త ముద్రణలో నల్లటి చుక్కగా పడుతుంది, కంటికి రంధ్రంలాగే ఉంటుంది, వేలు పెడితే కాగితం చెక్కుచెదరకుండా తగులుతుంది. ఎవరో వందేళ్ల కిందట గీసుకున్న సిరాగీత కూడా ఇలాగే అక్షరాల నలుపుతోనే అచ్చయి ఉంటుంది. గీత, మరక, రంధ్రం మూడూ ఒకే నలుపులో ఉంటే అది మరో ప్రతి ముసలితనానికి తీసిన ఫోటో అని గ్రహించాలి. దొంగనోట్లు చూసే అతినీలలోహిత దీపం మీ వీధి కిరాణా దుకాణంలో కూడా ఉండవచ్చు. దాని కింద కాగితం నీలితెలుపుగా మెరిస్తే, అందులో తెల్లదనం కోసం కలిపిన రసాయనం ఉన్నట్టు. అది కాగితంలోకి సుమారు 1950 తరువాత వచ్చినది. మెరవనంత మాత్రాన పాతదని మాత్రం నిర్ణయించకూడదు.

కాగితం పసుపురంగును నమ్మి ఎప్పుడూ కొనకండి. చెక్కగుజ్జుతో చేసిన చవక కాగితంలో ఆమ్లం ఉంటుంది. కోస్తా ఉక్కపోతలో అది ముప్పై ఏళ్లకే గోధుమరంగుకు తిరిగి అంచులు పెళుసెక్కుతుంది. పాతగుడ్డల గుజ్జుతో చేసిన కాగితం మీద అచ్చయిన పంతొమ్మిదో శతాబ్దపు పుస్తకం అంతకన్నా తెల్లగా, మెత్తగా ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. సహజంగా ముదిరిన పేజీ అంచుల దగ్గర ముదురుగా, లోపలికి పోయేకొద్దీ లేతగా ఉంటుంది. పేజీ అంతా ఒకే తేనీటి రంగులో ఉంటే అనుమానించాలి. అరసున్నలు, బండి రలు కనిపించాయి కాబట్టి చాలా పాతదన్న వాదన కూడా నిలవదు. సంప్రదాయాన్ని పాటించే ప్రచురణకర్తలు ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో కూడా వాటిని విడిచిపెట్టలేదు.

కాబట్టి ఆ అమ్మకందారుకు ఇలా రాయండి: ముఖపత్రం పూర్తిగా, దాని వెనక పేజీ, చిట్టచివరి పేజీ, వెనక అట్ట, ఒక లోపలి పేజీని ఏటవాలు వెలుతురులో తీసిన ఫోటో పంపండి, ఈ ప్రతి ఏ సంవత్సరంలో అచ్చయిందో, అలా కాదని తేలితే డబ్బు తిరిగి ఇస్తారో లేదో రాతపూర్వకంగా చెప్పండి. ‘ఈ గ్రంథం’ అని కాక ‘ఈ ప్రతి’ అని అడగడం ముఖ్యం. ఫోటోలు పంపనివారి దగ్గర కొనవద్దు. నిజంగా 1903 ప్రతే అయితే, దాన్ని 1903 ప్రతిగా ఇచ్చే ధరకు బేరమాడండి. మంచి స్థితిలో ఉంటే అది ఇంట్లో ఉంచుకోదగిన పుస్తకమే. 1852 పేరు చెప్పి అడిగిన 40 వేలు మాత్రం ఇవ్వకండి.

ఇక మీ తాతగారి పెట్టెలోని పుస్తకం. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఇదే. విక్రమ అన్నది ప్రభవాది అరవై సంవత్సరాల్లో పద్నాలుగోది. అక్కడ ‘సం.’ అని ఉంది కాబట్టి అది మన ఉగాదితో మారే సంవత్సరం పేరు, ఉత్తరాదివారి విక్రమ శకం కాదు. ప్రభవ 1867లో, 1927లో, 1987లో వచ్చింది. ఆ లెక్కన విక్రమ 1880లో, 1940లో, 2000లో మొదలైంది. అయితే మాఘం పదకొండో నెల, అప్పటికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది. అందువల్ల మీ పుస్తకం మీది తేదీ 1881 ఫిబ్రవరి ప్రాంతమైనా కావాలి, 1941 ఫిబ్రవరి ప్రాంతమైనా కావాలి. తాతగారి పెట్టెలోది కాబట్టి 2000ను వదిలేద్దాం. పాత పుస్తకాల మీద తెలుగు సంవత్సరం పేరు చూసి ఇంగ్లీషు సంవత్సరం వేసేటప్పుడు పుష్యమాఘఫాల్గుణాల దగ్గర ఒక ఏడాది తప్పడం పండితుల రాతల్లో కూడా కనిపిస్తుంది. శాలివాహన శకం ఇచ్చిన చోట 78 కలుపుకోవాలి. నిజాం రాజ్యంలో అచ్చయిన పుస్తకాల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం, ఉంటే సుమారు 590 కలుపుకోవాలి.

1881, 1941 రెండింటిలో ఏదన్నది ఆ పుస్తకమే తేలుస్తుంది. జమీందారుగారి ఫోటోను భూతద్దంతో చూడండి. ముఖం సన్నని చుక్కల వరసలుగా విడిపోతే అది హాఫ్‌టోన్ బ్లాకు. ఆ పద్ధతి పాశ్చాత్య దేశాల్లోనే 1880ల్లో వాడుకలోకి వచ్చింది కాబట్టి 1881 ఫిబ్రవరి నాటికి మీ పూర్వీకుల చేతిలో అటువంటి బొమ్మ ఉన్న తెలుగు పుస్తకం ఉండే అవకాశం లేదు. చుక్కలు లేకుండా అసలు ఫోటోకాగితాన్నే తెచ్చి అంటించి ఉంటే మాత్రం ఈ వాదన పనిచేయదు. యంత్రంతో వేసిన ఇనుప పిన్నులు కూడా 1941 వైపే చూపిస్తున్నాయి. అంతకు ముందరి చిన్న పుస్తకాలను దారంతో కుట్టేవారు. చుక్కలు కనిపిస్తే పెన్సిలు రాత 1941దని, పుస్తకం ఆ తేదీకి ముందే అచ్చయిందని రెండూ ఒకేసారి స్థిరపడతాయి. పాత పుస్తకాల మీద సొంతదారులు రాసుకున్న తేదీల విలువ ఇదే. అచ్చు ఎప్పటిదో చెప్పకపోయినా, ఏ రోజుకు ముందరిదో చెబుతాయి. వాటిని ఎవరైనా రబ్బరుతో చెరిపితే నాకు ప్రాణం విలవిలలాడుతుంది.

ఏ తేదీకి ముందరిదో తేలింది, ఏ తేదీకి తరువాతిదో తేలాలి. ‘ధమ౯ము’లో మీరు చూసిన గుర్తు వలపలగిలక. అక్షరం తరువాత రాసినా, రకారాన్ని ఆ అక్షరానికి ముందు పలికించే ఈ గుర్తు పంతొమ్మిదో శతాబ్దపు అచ్చులోను, ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లోను విరివిగా ఉండేది, తరువాత సన్నగిల్లింది. పాత అచ్చుదిమ్మలు అరిగేదాకా వాడిన ముద్రణాలయాలు ఉన్నందువల్ల దీన్ని సాక్ష్యంగా కాక ఊతంగా మాత్రమే తీసుకుంటాను. అంతకన్నా గట్టి ఆధారం చివరి పట్టిక. 0–6–0 అంటే రూపాయలు, అణాలు, పైలు. అది 1957కు ముందరిదని చెబుతుంది, అంతవరకు మనకు ముందే తెలుసు. కానీ ఆ పట్టికలో ఉన్న పుస్తకాల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్కటీ మొదటిసారి ఎప్పుడు వెలువడిందో వెదకండి. వాటిలో అన్నిటికన్నా కొత్తది ఏ ఏడాదిదో, మీ గజేంద్రమోక్షం అంతకన్నా ముందరిది కాజాలదు. అలా రెండు వైపుల నుంచి బిగిస్తే పదేళ్ల సందులోకి తేవచ్చు.

చివరి పేజీ అడుగున ముద్రణాలయం పేరుండాలి. 1867 నాటి ముద్రణాలయాల, పుస్తకాల నమోదు చట్టం ప్రకారం బ్రిటిషు ఇండియాలో అచ్చయిన ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరు, ఊరు, ప్రచురణకర్త పేరు, ఊరు తప్పనిసరి. సంవత్సరం వెయ్యమని మాత్రం ఆ చట్టం అడగలేదు, మనకీ తిప్పలు అందుకే. ముద్రణాలయాల పేర్లు కాలంతో మారుతూ వచ్చాయి. వావిళ్ల రామస్వామి శాస్త్రులుగారి ‘ఆది సరస్వతీ నిలయం’, వారి కుమారులు వెంకటేశ్వర శాస్త్రులుగారి చేతికి వచ్చాక ‘వావిళ్ల ప్రెస్సు’గా ప్రసిద్ధమైంది. పేరును బట్టి తరం చెప్పవచ్చు. అదే చట్టం కింద నమోదైన పుస్తకాల జాబితాలు మూడు నెలలకొకసారి ప్రభుత్వ గెజెట్‌లో వచ్చేవి. బ్రిటిష్ మ్యూజియంలోని తెలుగు పుస్తకాలకు బార్నెట్ కూర్చిన పట్టిక 1912లో వచ్చింది, మీ కూర్పు అందులో ఉంటే పని సగం అయినట్టే. తెనాలి నుంచి వేటపాలెం ఎంతో దూరం కాదు. అక్కడి సారస్వత నికేతనం 1918 నుంచి పుస్తకాలను కాపాడుతూ వస్తోంది. అదే కూర్పు ముఖపత్రంతో సహా అక్కడ దొరికితే, మీ ప్రతిని పక్కన పెట్టి పేజీకి పేజీ, పంక్తికి పంక్తి పోల్చి చూడండి. పంక్తులు ఒకేచోట విరిగి, ఒకే అక్షరం ఒకేలా విరిగి ఉంటే రెండూ ఒకే ముద్రణవి. అమ్మకం ప్రకటనలోని ఫోటోతో పోల్చి నిర్ణయించవద్దు.

మీ అబ్బాయి ప్రశ్నకు జవాబు కూడా ఈ తేదీ మీదే ఆధారపడి ఉంది. 1972 నాటి పురావస్తువుల, కళాసంపదల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన చారిత్రక, సాహిత్య, కళా ప్రాధాన్యం గల వస్తువులు, 75 ఏళ్లు నిండిన విలువైన వ్రాతప్రతులు పురావస్తువుల కిందికి రావచ్చు. అటువంటివాటిని వ్యక్తులు దేశం దాటించకూడదు. తాళపత్రాలు ఇంట్లో ఉన్నవారు దీన్ని ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. మీది పెద్ద సంఖ్యలో అచ్చయిన చిన్న పుస్తకమే కావచ్చు. అయినా అది నూరేళ్ల గీతకు అటో ఇటో ఉన్నట్టుంది కాబట్టి, విమానాశ్రయంలో వాదించుకోవడం కన్నా ముందుగా భారత పురావస్తు సర్వేక్షణ కార్యాలయంలో చూపించి, అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోవడం మేలు. వారు ఇవ్వకపోతే పుస్తకాన్ని ఇక్కడే ఉంచి, ప్రతి పేజీకి మంచి ఫోటోలు తీసి అబ్బాయికి పంపండి.

అంతదాకా ఆ పిన్నులను మీరే పీకవద్దు, తుప్పుతో పాటు కాగితం కూడా ఊడివస్తుంది. చిరిగిన చోట పారదర్శకపు టేపు అంటించవద్దు, పేజీలను లామినేషన్ చేయించవద్దు. ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, పడుకోబెట్టి, తడి తగలని అలమరలో పెట్టండి. మీరు ఆ పట్టికలోని పుస్తకాల పేర్లు, చివరి పేజీ ఫోటో నాకు పంపితే, 1941కి వెనక మిగిలిన దారిని మనిద్దరం కలిసి వెదుకుదాం.